మొదటి బృందాన్ని వినేదెవరు?

యీ వ్యాసాన్ని వొక అబద్ధంతో ప్రారంభించవలసి వస్తున్నది. రెండేళ్ల క్రితం హైదరాబాదులో జరిగిన వొక కచేరీకి విద్యార్థులతో కలిసి వెళ్లాను. వొకే టిక్కెట్టు మీద ఎనిమిది బ్యాండ్లు. బ్యాండు అంటే మనకు పెళ్లి ఊరేగింపు గుర్తుకు వస్తుంది. ఇక్కడ మాత్రం గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని, పాటలు తామే కట్టుకుని పాడే బృందమని అర్థం. మధ్యాహ్నం మూడు గంటలకు మొదట పాడిన బృందంలో డ్రమ్ములు వాయించిన అమ్మాయి మా కళాశాల విద్యార్థిని. ఆ సమయానికి నేను మైదానం చివర నీడపట్టున టీ తాగుతున్నాను. మరునాడు ఆమె, “మా పాటలు ఎలా వున్నాయి సార్?” అని అడిగింది. “చాలా బాగున్నాయి” అన్నాను.

అబద్ధం చిన్నదే. దాని వెనుక వున్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. అనేకుల పాట కోసం కొన్న టిక్కెట్టు, అందులో కొందరి పాటను వినకుండానే తోసిపుచ్చే హక్కును కూడా మనకు ఇస్తున్నదా?

ఇలాంటి కచేరీల ఆకర్షణ ఎక్కడ వున్నదో ముందు న్యాయంగా చెప్పుకోవాలి. మొదటిది, చౌక. విద్యార్థి జేబుకు ఎనిమిది కచేరీలు అందవు. ఎనిమిది బృందాల కచేరీ వొకటి అందుతుంది. రెండవది, ఎరగని పాట ఎదురుపడటం. మనిషి తన అభిరుచిని తానే ఎంచుకున్నాననుకుంటాడు గాని, తన చెవిదాకా వచ్చినవాటిలోనుంచే ఎంచుకుంటాడు. ఇవాళ ఫోనులో పాటలు వినిపించే యంత్రాంగం నిన్న విన్నదాన్ని పోలినదాన్నే నేడూ ముందు పెడుతున్నది. మైదానంలో అలా కాదు. వొకరి కోసం వెళ్లి మరొకరి అభిమానిగా తిరిగి రావచ్చు. మూడవది, సొంతంగా యాభైమందిని పోగుచేయలేని బృందానికి వేలమంది ఎదుట పాడే వీలు కలుగుతుంది.

అయితే యీ వీలు ఎలా పంచబడుతున్నదో చూడాలి. నేను వెళ్లిన కచేరీలో, పోస్టరు మీది అక్షరాల పరిమాణమే వేదిక మీది కాలానికి కూడా కొలత. చివరి బృందానికి గంటన్నర. మొదటి బృందానికి ఇరవై నిమిషాలు. మైకులు సరిచూసుకునే తీరిక కూడా వారికి దొరకలేదు. రెండు పాటలదాకా గిటారు స్పీకర్లలో పలకనేలేదని విద్యార్థులు తరవాత చెప్పారు. ఎండ వారిది, చల్లని రాత్రి పేరున్నవారిది. దీన్ని ప్రతిభల మధ్య పోటీ అనలేం. పేరు అనే పెట్టుబడి మరింత పేరును సంపాదించే పద్ధతి ఇది.

వుడ్‌స్టాక్ అనుభవం ఇక్కడ గమనించదగినది. 1969 ఆగస్టు 15న న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్ వద్ద, వొక పాడిరైతు పొలంలో మొదలైన ఆ ఉత్సవానికి నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. ముప్పైకి పైగా బృందాలు, గాయకులు పాల్గొన్నారు. రోడ్లు కిక్కిరిసి, ముందు పాడవలసినవారు చేరుకోలేకపోవటంతో రిచీ హావెన్స్‌ను మొదట వేదిక ఎక్కించారు. ఆయన తనకు వచ్చిన పాటలన్నీ పాడి, ఇంకా పాడమంటే అక్కడికక్కడే వొక పాట కట్టాడు. ఆ పాటే ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. అందరికన్నా పెద్ద ఆకర్షణ అయిన జిమీ హెండ్రిక్స్ వంతు, వానల వల్ల, ఆలస్యాల వల్ల 18వ తేదీ సోమవారం ఉదయానికి గాని రాలేదు. అప్పటికి జనంలో చాలా భాగం ఇళ్ల దారి పట్టింది. ఎవరిని ఎంతమంది విన్నారన్నది అక్కడ నిర్ణయించింది సంగీతం కాదు. వాన, రోడ్డు, అలసట.

“డబ్బిచ్చిన శ్రోతకు బాధ్యత ఏమిటి? నిలబెట్టగలిగితే నిలబెట్టటం కళాకారుని పని” అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఇందులో సత్యం లేకపోలేదు. ఏడెనిమిది గంటలు వొకే శ్రద్ధతో వినటం మానవదేహానికి సాధ్యం కాదు. బలవంతపు శ్రవణం రసాస్వాదన కాజాలదు. కాని నేను మొదటి బృందాన్ని విని నిరాకరించలేదు, వినకుండానే నిరాకరించాను. మొదటిది అభిరుచి, రెండవది దురభిప్రాయం. వీటి మధ్య తేడా మరచినవాడు సరుకులు ఏరుకునే కొనుగోలుదారు అవుతాడు గాని శ్రోత కాడు.

యీ జబ్బు పాటలవారికే పరిమితం అనుకుని మనం సంతోషించనక్కరలేదు. మన కవిసమ్మేళనాలు చూడండి. తన వంతు వచ్చేదాకా కవి కాగితాలు తిరగేస్తూ వుంటాడు. తన కవిత అయిపోగానే చెప్పులు వెతుక్కుంటాడు. చివరి కవి అధ్యక్షునికీ, మైకు మనిషికీ వినిపించి వెళతాడు. ప్రజలను గురించి రాసేవాళ్లం, పక్కవాడి పద్యం వినలేకపోతున్నాం!

అయితే దోషం అనేకత్వానిదేనా? కాదు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో ఎరిక్ క్లాప్టన్ వేదిక మీదినుంచే వలసవచ్చినవారికి వ్యతిరేకంగా మాట్లాడినప్పుడు, దానికి జవాబుగా ఇంగ్లండులో ‘రాక్ ఎగెనెస్ట్ రేసిజమ్’ ఉద్యమం పుట్టింది. నల్లవారి బృందాలనూ తెల్లవారి బృందాలనూ వొకే వేదిక ఎక్కించటం దాని పద్ధతి. 1978 ఏప్రిల్ 30న వేలాదిమంది ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఊరేగింపుగా తూర్పు లండనులోని విక్టోరియా పార్కుకు నడిచారు. అక్కడ ‘ది క్లాష్’ కోసం వచ్చిన తెల్లకుర్రవాడికి, నల్లవారి రెగె బృందం ‘స్టీల్ పల్స్’ కూడా వినిపించింది. అలా వినిపించటమే ఆ సభ ఉద్దేశం. వొక్క కచేరీతో జాతివివక్ష మాయమైందని ఎవరూ అనరు. కాని అక్కడ రెండవ బృందం, మొదటిదాని బరువు పెంచటానికి వేసిన కొసరు కాదు. ఆ రెండూ పక్కపక్కన నిలవటమే వొక వాదన.

కనుక లోపం బృందాల సంఖ్యలో లేదు. వాటిని కూర్చిన ప్రయోజనంలో వున్నది. లాభం కోసం కూర్చితే చిన్నవారు నింపుడు సరుకు అవుతారు. పరస్పరం వినటం కోసం కూర్చితే అదే వేదిక సమానత్వానికి చిన్న అభ్యాసమవుతుంది. బృందాలను తగ్గించి, మైకులు సరిచూసుకునే వ్యవధి అందరికీ ఇచ్చి, వరసను మారుస్తూ వుంటే సగం అన్యాయం తొలగుతుంది. మిగిలిన సగం మన చేతిలో వున్నది. తప్పంతా నిర్వాహకుల మీదికి నెట్టటం పలాయనమే. శ్రోతకు నీతులు చెప్పి వ్యవస్థను విడిచిపెట్టటమూ పలాయనమే.

కొన్నాళ్లకు ఆ విద్యార్థినిని పిలిచి నిజం చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. “మీరు లేరని నాకు తెలుసు సార్. వేదిక మీదినుంచి అంతా కనిపిస్తుంది. వచ్చేసారి మూడింటికే రండి” అన్నది. మనం వినటం లేదన్న సంగతి, పాడేవారికి మొదటినుంచీ తెలుసు. అది తెలిసికూడా వారు పాడుతున్నారు.