మెతుకు పట్టి చూడటం

రాయపూర్‌లో మా ఇంట్లో ఇప్పటికీ అన్నం గిన్నెలోనే వండుతాం. దించే ముందు మా ఆవిడ ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. శాస్త్రాల్లో దీనికి స్థాలీపులాక న్యాయమని పేరు. మెతుకు ఉడికితే గిన్నెంతా ఉడికినట్టే. రాగి కోసం బోర్లు వేయిస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాణ్ని, ఈ న్యాయాన్ని నమ్మే మొదట్లో తప్పు చేశాను.

బోరులోంచి కడ్డీలా వచ్చే రాయిని, అంటే కోరుని, నిలువునా కోసి ఒక సగం ల్యాబుకి పంపుతాం, రెండోది పెట్టెలో దాస్తాం. నేను ప్రతి ముక్కనీ చేతిలో తిప్పి, ఇత్తడిలా మెరిసే రాగి ఖనిజం చాల్కోపైరైట్ ఏ వైపు ఎక్కువుంటే ఆ సగాన్నే సంచిలో వేసేవాణ్ని. మోసం చేద్దామని కాదు, చెయ్యి అటే పోయేది. కొన్నాళ్లకి మా పెద్దాయన దాచిన సగాల్ని కూడా పరీక్ష చేయించారు. పెట్టె తర్వాత పెట్టె, అన్నింట్లోనూ రాగి తక్కువే తేలింది. ఆయన తిట్టలేదు. "కోసే ముందు గీత గియ్యి. ఎప్పుడూ గీతకి కుడివైపు సగమే పంపు. నీ కంటికి పని పెట్టకు నాయనా" అన్నారు.

దీనికి తిరగబడ్డ దోషమూ ఉంది. ఆ ఖనిజం పెళుసు. డ్రిల్లు తిరిగేటప్పుడు ముందు అదే పొడై నీళ్లతో కొట్టుకుపోతుంది, పెట్టెలో గట్టి పలుగురాయి మిగులుతుంది. మీటరు తొలిస్తే డెబ్బై సెంటీమీటర్లే చేతికొచ్చినప్పుడు, పోయిన ముప్పైలో కూడా ఇదే పాళ్లు అనుకుని లెక్క కడితే గని మీద రాగి తక్కువ చూపించినట్టే.

మనకి దగ్గర్లోని పెద్ద రాగి గని మలాంజ్‌ఖండ్, బాలాఘాట్ జిల్లాలో ఉంది. 2000 దాకా మన ఛత్తీస్‌గఢ్, వాళ్ల మధ్యప్రదేశ్ ఒకే రాష్ట్రం. అక్కడ పలుగురాయి పగుళ్లలో రాగి చారలు చారలుగా ఉంటుంది. గిన్నెలో మరిగే నీళ్లు మెతుకులన్నిటినీ ఒకేలా ఉడికిస్తాయి. కొండని ఎవరూ కలియబెట్టలేదు.

దక్షిణాఫ్రికాలో డానీ క్రీగ్ బంగారు గనుల లెక్కలు పట్టి 1951లో తేల్చినదీ ఇలాంటిదే. శాంపిల్లో గొప్పగా కనిపించిన చోట తవ్వితే అంత రాదు, బీదగా కనిపించిన చోట కాస్త ఎక్కువే వస్తుంది. అందుకని అంచనాని సగటు వైపుకి లాగాలన్నాడు. ఫ్రాన్సులో మాథెరాన్ ఆ పద్ధతిని పెంచి, క్రీగ్ పేరే పెట్టాడు.

చార్వాకులు అసలు అనుమాన ప్రమాణమే, అంటే చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించడమే, ఒప్పుకోలేదు. కనిపించని దానికి హామీ ఏదీ అన్నారు. 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు, సందేహించేవాడి పనే అతని సందేహాన్ని కాదంటే శంక అక్కడే ఆగాలన్నాడు. నాకు ఆయన మాటే నచ్చుతుంది. ఏ అంచనానీ నమ్మకపోతే గని తెరవడం మాట అటుంచి, పొయ్యి మీద ఎసరైనా పెట్టలేం. కానీ నైయాయికులే ఉపాధి అని ఒక మాట కూడా చెప్పారు. నిప్పున్న చోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుపగుండుకి పొగేది? తడికట్టె ఉంటేనే పొగ, ఆ దాగిన షరతే ఉపాధి. ఆ తడికట్టెని చూడకపోవడమే మా వృత్తిలో అసలు జబ్బు.

డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి కొండకి వెయ్యికి పైగా మెట్లు. నవరాత్రుల్లో వెళ్తే పక్కన ఎక్కేవాళ్లు మొక్కుల కథలు చెబుతారు, అన్నీ ఫలించినవే. "చూశారా, అమ్మ ఎవర్నీ కాదనదు" అంటుంది మా ఆవిడ. నాకు కోరు పెట్టె గుర్తొస్తుంది. మొక్కు తీరినవాళ్లే కదా మెట్లెక్కేది! ఆమెతో ఆ మాట అనను. ఆమె వెళ్లేది దండం పెట్టుకోవడానికి, లెక్క తేల్చడానికి కాదు.

మేమూ మూడుసార్లు ఎక్కాం, మూడూ తీరిన మొక్కులే. మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నది తీరలేదు. ఆ ఏడు మేం కొండెక్కలేదు.