గడపకు ఇవతల

కిందటి కార్తీకంలో ఒక ఉదయం మా ఇంట్లో చిన్న సంఘటన జరిగింది. రాత్రి తలుపులు వేసుకుని పడుకున్నాం. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. తెల్లవారి చూస్తే, హాల్లో గోడకు తగిలించిన ఇంటర్నెట్ పెట్టెలో నేను పెట్టుకున్న వైఫై పేరూ, పాస్‌వర్డూ పోయి, పెట్టె వచ్చిననాటి పాతవి వచ్చి కూర్చున్నాయి. వెనకగదిలో మంచం పట్టిన మా అమ్మకు రోజూ పొద్దున్నే హోసూరులో ఉన్న చెల్లెలి ముఖం చూసి మాట్లాడడం అలవాటు. ఆ రోజు ఆమె టాబ్లెట్ మూగబోయింది. "మీ పిన్నికి ఏమైనా అయిందేమిట్రా, నా దగ్గర దాస్తున్నారా?" అని మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉంది.

కంపెనీకి ఫోను చేస్తే సంగతి తెలిసింది. రాత్రి వాళ్ళు దూరం నుంచే పెట్టెలోని సాఫ్ట్‌వేర్ మార్చారట. దానితో మేము పెట్టుకున్నవి చెరిగిపోయాయట. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. అయినా ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. గడప తొక్కకుండానే నా ఇంటిలోపలి వస్తువును మార్చగలిగినవాణ్ణి ఏమనుకోవాలి? అతిథి అనా, కాపలాదారు అనా, యజమాని అనా?

పెట్టె సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. అది చేసే పనులు రెండు. వీధిలోంచి గాజు తీగలో వచ్చే వెలుగును యంత్రాలకు అర్థమయ్యే సంకేతంగా మార్చడం మొదటిది. దీనిని మోడెమ్ పని అందాం. అలా వచ్చినదాన్ని ఇంట్లోని ఫోన్లకూ, టీవీకీ, కంప్యూటర్లకూ పంచడం, బయటివాళ్ళు లోపలికి చొరబడకుండా చూడడం రెండోది. ఇది రౌటర్ పని. మా పెట్టె ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. పెట్టె కంపెనీది, కనెక్షన్ వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయాలి. మాకు ఇచ్చిన తాళంచెవి ముందు గదులను మాత్రమే తెరుస్తుంది. అన్ని గదులూ తెరిచే చెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

రెండు గోడలు దాటి అమ్మ గదికి వైఫై అందక, అంతకుముందే నేను సొంతంగా ఒక రౌటర్ కొని ఈ పెట్టె వెనక తగిలించాను. పని జరిగింది గాని, ఒక ఇంటికి ఇద్దరు పెద్దలైనట్టయింది. రెండూ ఎవరికివారే చిరునామాలు పంచుతుంటాయి. అందుచేత వీధి తలుపు దగ్గరి కెమెరాను బయటినుంచి చూడడం కుదిరేది కాదు. దీనికి మందు ఉంది. కంపెనీ పెట్టెను మొదటి పనికే పరిమితం చేసి, రెండో పని మన రౌటర్‌కు అప్పగించడం. బ్రిడ్జ్ మోడ్ అంటారు. కాని దానిని మార్చే మీట పెద్ద తాళం వెనకాలే ఉంది.

ఆ ఉదయం తర్వాత ఆ తాళం తీయమని అడిగాను. లైన్ చూసే కుర్రాడు వచ్చాడు. కాఫీ తాగి, మొహమాటపడుతూ, "పాస్‌వర్డ్ కొడోకాగల్ల సార్, నమ్‌గూ కొట్టిల్ల" అన్నాడు. ఇవ్వడానికి వీల్లేదు, మాకూ ఇవ్వలేదు అని. ఆ రెండో మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంటికి వచ్చి నిచ్చెన ఎక్కేవాడి దగ్గరా లేదు, నెలనెలా డబ్బు కట్టే నా దగ్గరా లేదు. మరి ఆ చెవి ఉన్నచోటికి పోయి తలుపు తట్టే దారి మా ఇద్దరికీ లేదు.

కంపెనీ పక్షాన చెప్పవలసిందీ ఉంది. వీధిలోని ఒక్క గాజు తీగను, కరెంటు అక్కరలేని ఒక చిన్న పరికరం చీల్చి, 32 ఇళ్ళకో అంతకు మించో పంచుతుంది. ఆ ఇళ్ళ పెట్టెలన్నీ తమ తమ వంతు వచ్చినప్పుడే వెలుగును వెనక్కి పంపాలి. ఏ ఒక్కటి వంతు తప్పి వెలిగినా ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటికీ నెట్ పోవచ్చు. కాబట్టి తీగ వైపు భాగాన్ని ఎవరుబడితే వారు కెలకకూడదనడం న్యాయమే. ఇంకొకటి: 2016లో మిరాయి అనే దుష్ట ప్రోగ్రామ్ లోకం మీద పడింది. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును కొన్నవాళ్ళు మార్చకుండా వదిలేసిన కెమెరాలనూ, రౌటర్లనూ వెతికి పట్టుకుని, వాటన్నిటినీ కూడగట్టి, ఆ ఏడాది అక్టోబరులో పేరున్న ఎన్నో వెబ్‌సైట్లు అందకుండా చేశారు. ఆ పరికరాల సొంతదార్లలో చాలామందికి తమ వస్తువు ఎవరి చేతిలో ఆయుధమైందో తెలియనే తెలియదు. "మీ చేతికిస్తే మీరు పట్టించుకోరు" అని కంపెనీ అంటే మన దగ్గర సులువైన జవాబు లేదు.

అయితే ఈ తగవు కొత్తది కాదు. అమెరికాలో టెలిఫోను వ్యవస్థ చాలాకాలం ఒకే సంస్థ గుప్పిట్లో ఉండేది. పక్కవాళ్ళకు మాట వినపడకుండా ఫోనుకు తగిలించుకునే హష్-ఎ-ఫోన్ అనే ఒక చిన్న మూతిని కూడా ఆ సంస్థ ఒప్పుకోలేదు. 1956లో అప్పీలు కోర్టు ఆ ఆంక్షను కొట్టివేసింది. తనకు మేలు చేసేదీ, పదిమందికీ కీడు చేయనిదీ అయిన పద్ధతిలో ఫోనును వాడుకునే హక్కు చందాదారుకు ఉందన్నది ఆ తీర్పు సారం. టెక్సాస్‌కు చెందిన థామస్ కార్టర్ రేడియోనూ టెలిఫోనునూ కలిపే ఒక పరికరం చేస్తే మళ్ళీ అదే అడ్డంకి వచ్చింది. 1968లో అక్కడి సమాచార కమిషన్ కార్టర్ పక్షానే నిలిచింది. తర్వాతి కాలంలో ఎవరు చేసిన మోడెమ్ అయినా ఫోను తీగకు తగిలించుకునే దారి అక్కడే తెరుచుకుంది.

మన పెట్టెల కాలానికి వస్తే, ఐరోపా సమాఖ్య 2015లోనే తనకు నచ్చిన పరికరాన్ని వాడుకునే హక్కు వినియోగదారుదని నిబంధన చేసింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమలైన చట్టం ఇంకా స్పష్టం: కంపెనీ సరిహద్దు గోడలోని సాకెట్ దగ్గర ముగుస్తుంది, కనెక్షన్‌కు కావలసిన వివరాలు అడగకుండానే ఇవ్వాలి. అమెరికాలో 2019లో చేసిన చట్టం, సొంత పరికరం వాడుకునేవారి నుంచి కంపెనీ పెట్టెకు అద్దె వసూలు చేయడాన్ని నిషేధించింది.

వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: పొలిమేర ఎక్కడ? మన ఇళ్ళలో దీనికి పాత దృష్టాంతం ఉంది. కరెంటు మీటరుకు సీలు వేస్తారు. దాన్ని తెంచితే నేరం. ఆ నియమం అందరి మేలుకే. కాని మీటరుకు ఇవతల నేను ఏ ఫ్యాను బిగించుకోవాలో, ఏ గదిలో ఏ దీపం వెలిగించుకోవాలో విద్యుత్ శాఖ చెప్పదు. సీలు ఉన్నందుకు ఎవరూ అవమానపడరు, ఎందుకంటే అది ఎక్కడితో ఆగుతుందో తెలుసు. ఇంటర్నెట్ పెట్టె దోషం తాళం ఉండడం కాదు. పొరుగువాడికి సంబంధించిన భాగానికీ, నాకు మాత్రమే సంబంధించిన భాగానికీ కలిపి ఒకే తాళం వేయడం.

"సంతకం పెట్టావు గదా, షరతులు చదువుకోలేదా?" అనేవారున్నారు. పెట్టాను. కాని మా వీధికి వచ్చే కంపెనీలు రెండే, రెండింటి షరతూ ఒకటే. నెట్ లేకుండా పింఛను లెక్కలు చూసుకోలేని, గ్యాసు బండ చెప్పుకోలేని రోజుల్లో ఆ సంతకాన్ని సంపూర్ణమైన సమ్మతి అనడం న్యాయం కాదు. "ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా?" అని ఇంకొందరు. స్వాతంత్ర్యం పెద్ద విషయాల్లో పోయేటప్పుడు చప్పుడవుతుంది. చిన్నవాటిలో పోయేటప్పుడు అది సౌకర్యంలాగే కనిపిస్తుంది. తాళం మనది కాదని తెలిసేది తలుపు తెరుచుకోని రోజునే.

మూడు వారాలు ఉత్తరాలు రాశాక, ఎవరో ఎక్కడినుంచో మీట మార్చారు. బ్రిడ్జ్ మోడ్ వచ్చింది. కెమెరా కనిపించింది, అమ్మ గదిలో సంకేతం నిండుగా ఉంది. నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండు నెలలు గడిచాయి. నేను మూడు రోజుల పెళ్ళిపని మీద సేలం వెళ్ళాను. రెండోనాడు ఇంట్లో నెట్ పోయింది. కంపెనీవాళ్ళు చూసి, లైన్ బాగానే ఉంది, తప్పు మీ రౌటర్‌దే అన్నారు. నేను ఫోనులో వాళ్ళమీద మండిపడ్డాను. తిరిగి వచ్చి చూస్తే వాళ్ళ మాటే నిజం. రౌటర్‌కు కరెంటు ఇచ్చే అడాప్టర్ కాలిపోయింది. ఈసారి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. అమ్మ రెండు రోజులు చెల్లెలి కోసం ఎదురుచూసిందంటే దానికి బాధ్యుణ్ణి నేనే. తాళంచెవి తీసుకోవడమంటే, ఇంకొకరిమీద నేరం మోపే హక్కును వదులుకోవడం కూడానని అప్పుడు తెలిసింది.

కొత్త అడాప్టర్ బిగిస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడి అంది: "ఏమండీ, కంపెనీవాళ్ళు చెవి ఇవ్వలేదని అంత గొడవ చేశారు. మీరు మాకిచ్చారా? ఏ తీగ ఎందుకో, ఏది పీకి ఏది పెట్టాలో ఒక్కరోజైనా చెప్పారా? మీరు ఊళ్ళో లేకపోతే మేమెవర్ని అడగాలి?"

జవాబు లేదు. మా ఇంట్లోవాళ్ళకు ఆ పెట్టె నిన్నటిదాకా ఎంత మూసి ఉందో, నేను గెలిచాక కూడా అంతే మూసి ఉంది. కాపలాదారు మారాడు, అంతే. కంపెనీ నాతో అన్న మాటే, "మీకెందుకు, మేము చూసుకుంటాం" అని, నేను ఇంట్లో నోరు తెరవకుండానే అంటూ వచ్చాను.

ఆ సాయంత్రం పాలపద్దు పుస్తకం చివరి పేజీలో పాస్‌వర్డూ, ఏ తీగ ఎక్కడికో ఒక బొమ్మా, కంపెనీ ఫోను నంబరూ రాసిపెట్టాను. ఆవిడ చదివి, రెండుచోట్ల అర్థం కాలేదని తిరిగి రాయించింది. అమ్మ వెనకగదిలోంచి, "ఎవరితోరా అంతసేపు పాఠం?" అని కేకేసింది.