మూగజీవి మేత – యజమాని ధర్మము

గోవును పూజించుట సులభము. దినదినము దాని కడుపు నింపుట కష్టము. పండుగనాడు పసుపు కుంకుమలతో అలంకరింపబడిన ఆవు మరునాడు ఎండుటాకులు నమలుచు నిలిచియున్నచో ఆ పూజకు అర్థమేమి? తగినంత మేత పెట్టలేనివానికి పాలు పితుకు అధికారము కలదా? చిన్న రైతుల యిండ్లలో ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచున్నది.

1834వ సంవత్సరము మొదలు భారతదేశము నుండి మారిషస్ ద్వీపమునకు వచ్చిన కూలీల కుటుంబములలో అనేకులు ఇంటి వెనుక ఒకటి రెండు ఆవులను పెంచుకొనిరి. సాగుభూమి చాలవరకు చెరకు తోటలకే చెల్లినందున వారికి మేతబయలు లేదు. స్త్రీలు కొడవలి చేతబట్టి గట్ల వెంట గడ్డి కోసి, మోపులు తలపై మోసికొని వచ్చెడివారు. కోతకాలమున చెరకు మొవ్వులు సమృద్ధిగా దొరకెడివి. అది ముగిసిన పిదప వెదకులాట మొదలగును.

అయితే కడుపు నిండుట వేరు, పోషణము వేరు. చెరకు మొవ్వులందును, ఆంధ్రదేశపు వరిగడ్డియందును మాంసకృత్తులు స్వల్పము. వరిగడ్డిలో అవి నూటికి 3 నుండి 5 పాళ్లు మాత్రమే. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు పీచును చక్కగా జీర్ణింపజేయుటకు మేతలో నూటికి సుమారు 7 పాళ్లయినను ఉండవలెను. కావుననే గడ్డివాము చెంత నిలిచియు ఆవు చిక్కిపోవును. దాణా కొనుటకు పాలు అమ్మవలెను. పాలు పెరుగుటకు దాణా కొనవలెను. ఈ చిక్కులో పడిన పేదవాడు తుదకు దూడ భాగమును తగ్గించును.

అతనిని క్రూరుడనుట న్యాయము కాదు. తన బిడ్డల పుస్తకములకును, లేగదూడ పాలకును నడుమ అతడు నలుగుచున్నాడు. అయినను లేమి దోషమును తగ్గించునే గాని బాధ్యతను తొలగింపదు. గుంజకు కట్టిన పశువు తన మేతను తాను వెదకుకొనజాలదు. దాని స్వేచ్ఛను తీసికొన్నవాడే దాని ఆకలికి ఉత్తరవాది.

వట్టిపోయిన ఆవు విషయమున ఈ ధర్మము పరీక్షకు నిలుచును. ఈనుటకు ముందు సుమారు 2 నెలలు పాలు పితుకుట మానవలెను. గర్భములోని దూడ వేగముగా ఎదుగునది ఆ కాలముననే. లాభము లేదని అప్పుడు మేత తగ్గించినచో దూడ బలహీనమగును. రాబోవు ఈతలో పాలును తగ్గును. ప్రతిఫలము కానరాని దినములలో చేసిన సేవయే తరువాతి పాడికి మూలము.

కావున మేపగలిగినన్ని పశువులనే ఉంచుకొనుట మొదటి నియమము. కోతకాలపు మొవ్వులను తరిగి, గాలి చొరకుండ గుంటలో అదిమి పాతరవేసి, కరవు దినములకు దాచుట రెండవది. కాని భూమి లేనివాడు ఒంటరిగా ఎంత చేయగలడు? గట్లపై పచ్చిమేత పెంచుకొనుటకు చోటు చూపుట ఊరివారి వంతు. పాలకు తగిన ధర యిచ్చుట కొనువారి వంతు.

నేడు మారిషస్‌లో వాడు పాలలో అధికభాగము విదేశములనుండి వచ్చు పాలపొడియే. పెరటి ఆవులు తరిగిపోయినవి. మిగిలిన కొద్దిమంది గోపాలకుల భారమును పంచుకొనువారే గోమాత అను మాటను సార్థకము చేయగలరు. పూజకు పూలు తెచ్చువారు ఒక పచ్చిగడ్డి మోపును కూడ తెచ్చుట మేలు.