పది విజయాల లెక్క

మీ ఇంట్లో పందొమ్మిదేళ్ల అబ్బాయి ఉన్నాడా? మోటారు సైకిలు కొనిపెట్టమని పోరు పెడుతున్నాడా? నేను చెప్పబోయే అబ్బాయికి మోటారు సైకిలు ఉండేది. దాన్ని అమ్ముకున్నాడు.

ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో పుట్టాడు. చదువు లండనులో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు వైమానిక దళంలో చేరబోతే చూపు చాలదన్నారు. బండి అమ్మిన డబ్బుతో పెద్ద కంటి వైద్యుడికి చూపించుకుని, 1917లో చేరాడని చెబుతారు. ఆ ఏడాది చివర విమానం కూలి గాయపడ్డాడు. ఇక ఎగరడానికి పనికిరాడన్నారు. అయినా పట్టుబట్టి, 1918 జూన్‌లో మళ్లీ ఫ్రాన్సులో యుద్ధానికి వెళ్లాడు.

జూలై 6 నుండి 19 లోపల పది విజయాలు. 22న కార్విన్ దగ్గర జరిగిన పోరులో నేలకూలాడు. ఆ రోజుల్లో బ్రిటిషు యుద్ధ విమాన చోదకులకు పారాచూట్లు ఇచ్చేవారు కాదు. యుద్ధం ముగియడానికి నాలుగు నెలలు కూడా లేవు.

చరిత్ర పుస్తకాలు ఆ పదిని గర్వంగా రాస్తాయి. కాని మొదటి 'విజయం' ఇద్దరు కూర్చునే జర్మను విమానం. ఐదు విమానాలు పట్టు తప్పి కిందికి పోయినవి. అందులోని వారు బతికారో లేదో ఆ లెక్క చెప్పదు. వారికీ తల్లులున్నారు.

పరాయి ప్రభుత్వం కోసం ఎందుకు పోరాడాడు అని కొందరు అడుగుతారు. ఇంత కాలం తర్వాత, కుర్చీలో కూర్చుని అలా అడగడం సులువే. నన్ను వేధించే ప్రశ్న వేరు. చంపడం తప్పని పిల్లలకు నేర్పే మనం, ఇతణ్ణి ఏమని మెచ్చుకోవాలి?

జూలై 5వ తేదీ గురించి ఆలోచించండి. ఆనాటికి అతడు ఒక్క విమానాన్నీ కూల్చలేదు. బండి అమ్మడం, గాయపడడం, మళ్లీ ఆ యంత్రంలోకి ఎక్కడం అన్నీ అప్పటికే అయిపోయాయి. అతని ధైర్యంలో ఇంకా చేరవలసింది ఏముంది? కాని ఆ రోజే మరణించి ఉంటే పతకమూ లేదు, 1998లో మన తపాలా బిళ్లా లేదు, ఈ వ్యాసమూ లేదు. మనం కొలిచింది ధైర్యాన్ని కాదు.

ఫ్రాన్సులోని ఎస్టెవెల్ గ్రామ శ్మశానంలో అతని సమాధి ఉంది. ఆ రాతి మీద బెంగాలీ అక్షరాలు ఉన్నాయి. ఆ ఊళ్లో వాటిని చదవగలిగేవారు ఎందరుంటారు?