ఓడ పగిలినవాడి హక్కు

హనుమకొండ

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది బిడ్డా. మానవ హక్కులన్నీ పడమటి దేశాల నుంచే వచ్చాయని క్లాసులో చెప్పారని రాశావు. ప్రభుత్వం ఇస్తేనే హక్కయితే, అదే ప్రభుత్వం లాక్కుంటే అడిగేదెవరని కూడా రాశావు. రెండో ప్రశ్న అసలైనది. జవాబు మన ఓరుగల్లు నుంచే మొదలుపెడతాను.

ఓరుగల్లును ఏలిన కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం నేటికీ అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది. అంతకుముందు తుఫానుకు ఓడ పగిలి తీరానికి కొట్టుకొస్తే, అందులో బంగారమున్నా, ఏనుగులూ గుర్రాలూ ఉన్నా, రత్నాలున్నా, రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ఇక మీదట నియమిత సుంకం తప్ప ఏదీ ముట్టబోమని ఆయన మాట ఇచ్చాడు. ఆ సుంకం ఎంతో కూడా చెక్కించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, మిరియాలు, ఇలా సరుకుల పేర్లన్నీ రాతి మీద ఉన్నాయి. సుంకం వసూలుచేసేవాడు నోటికొచ్చిన లెక్క చెప్పకుండా అది అడ్డుకట్ట. ఆ తర్వాత 31 ఏళ్లకు, 1275లో, ఇంగ్లండు ఒక చట్టం చేసింది. పగిలిన ఓడలోంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొత్తుగా లెక్కించకూడదని అందులో ఉంది. పరాయివాడికీ న్యాయం ఉండాలన్న ఆలోచన ఏ ఒక్క దిక్కు సొత్తూ కాదు.

అయితే మన శాసనం చూసి మురిసిపోయి ఆగిపోకు. 1358లో అదే మోటుపల్లిలో రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకులకు మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చింది. కాకతీయులతోపాటే వాళ్ల మాటకూ కాలం చెల్లింది. రాజే మాట తప్పి ఉంటే ఆ వర్తకుడికి నిలదీసే చోటు లేదు. దయకూ హక్కుకూ తేడా అక్కడుంది. 1948 డిసెంబరు 10 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన హక్కులు పుట్టుకతోనే ఉన్నాయంది. మన రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణరక్షణను పౌరులకే పరిమితం చేయలేదు. మన గడ్డ మీదున్న విదేశీయుడికీ, జైల్లో ఉన్న నేరస్థుడికీ అది వర్తిస్తుంది. గణపతిదేవుడు దయతలచి ఇచ్చినదాన్ని ఇవాళ మనిషి కోర్టు మెట్లెక్కి అడగగలడు.

అడిగేవాడు మనకు నచ్చనివాడైతే? 2008లో, సరిగ్గా డిసెంబరు 10నే, మన వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. రెండు మూడు రోజుల్లోనే నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, ఆ ఆడపిల్లల బాధ తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కానీ విచారణ లేకుండా చంపే అధికారానికి మనమే దండ వేస్తే, రేపు అది ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో చెప్పే చట్టం ఉండదు.

కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, తర్వాత లాయరైన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారు ఈ విషయంలో నాకు కొలమానం. రాజ్యం చేసే హత్యలనే కాదు, విప్లవం పేరిట జరిగే హత్యలనూ ప్రశ్నించాలన్నారు. అందుకు సొంతవాళ్లతో విభేదించడానికీ వెనుదీయలేదు. రాజ్యం చేసే హత్యల ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు పెట్టాల్సిందేననీ, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నది కోర్టులో రుజువు కావాలనీ తీర్పిచ్చింది. దాని అమలును సుప్రీంకోర్టు ఆపింది. 2014లో మాత్రం తనే ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు ఆ రెండు తీర్పులూ చదువు.

రేపు నువ్వు నల్లకోటు వేసుకున్నాక, ఊరంతా దుమ్మెత్తిపోసే మనిషి తరఫున ఎవరో ఒకరు నీ దగ్గరికి వస్తారు. ఆ కాగితాలు తిప్పి పంపకు బిడ్డా.

ఇట్లు,
నీ తాత