నిద్రలో పండ్లు కొరుకువాడెవడు?

నారాయణఖేడ్‌లో దూరపు బంధువుల ఇంట ఒక శీతకాలపు రాత్రి పరుండియుండగా, గింజలు పోయక ఇసుర్రాయి త్రిప్పినపుడు పుట్టునట్టి బరకధ్వని యొకటి ప్రక్కగదినుండి నడుమ నడుమ వినవచ్చినది. లేచి చూడగా, రెండేండ్లయినను నిండని పిల్లవాడు గాఢనిద్రలో పండ్లు కొరుకుచుండెను. ప్రక్కనే మేలుకొనియున్న నాయనమ్మ, నా ముఖము చూడకయే, “కడుపుల నట్టలున్నయి బిడ్డా, లేకుంటె ఎవలదో దిష్టి తాకింది, పొద్దుగాల పోచమ్మకు సాక పోస్త” అన్నది. దీపము దగ్గరకు జరిపి నేను చూచినది మాత్రము వేఱు. వాని నొసట ముడుత లేదు; పిడికిలి బిగియలేదు; పెదవులమీద ఇంచుక నవ్వు సైతము ఉన్నట్లు తోచినది. దవడ యొక్కటియే ఎవరిమీదనో కక్షగట్టినట్లు కదలుచుండెను.

1956 వరకు బీదరు జిల్లాలో భాగమై, రాష్ట్రముల పునర్విభజనలో మెదకు జిల్లాకు వచ్చి చేరిన తాలూకా ఇది. నాలుగు భాషలు ఒకే సంతలో బేరమాడు చోటు. ఈ చేష్టను తెలుగువారు పండ్లు కొరుకుట, పండ్లు నూరుట అందురు; కన్నడిగులు హల్లు కడియువుదు అందురు; మరాఠీవారు దాత్ ఖాణే, అనగా పండ్లు తినుట అందురు; దక్కనీ మాటలాడువారు దాంత్ పీస్‌నా అందురు. నాలుగింటను కోపమునకును ఇదే మాట. శత్రువును తలచుకొని పండ్లు కొరుకు భీమునికిని, ఉయ్యాలలో పండ్లు కొరుకు పసివానికిని వేఱువేఱు క్రియాపదములు మనకు లేవు. బాలగ్రహములు పట్టిన శిశువు లక్షణములలో మాధవనిదానము చెప్పినదియు ‘పండ్లు తినుట’యే, మరాఠీ పలుకుబడి ఆ సంస్కృతమునకు అచ్చముగా సరిపోవుచున్నది. సుశ్రుతుడు లెక్కించిన తొమ్మిది గ్రహములలో పూతన యొకతె; భాగవతమున బాలకృష్ణునికి పాలిచ్చి ప్రాణము పోగొట్టుకొన్న యా రక్కసియే వైద్యుల పుస్తకములో వ్యాధియై కూర్చున్నది. ఇట్లు మాటయే కోపమును దెచ్చి పసివాని నోట బెట్టినది; కోపమున్నచోట కోపించువాడొకడు ఉండవలెను గనుక, గ్రహమో, దిష్టియో, పూర్వజన్మమో వచ్చి యా ఖాళీని నింపినవి.

పూర్వజన్మమను మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున గౌతముడు, అప్పుడే పుట్టిన శిశువునందు హర్షభయశోకములు కానవచ్చుటను జూపి, ఇవి పూర్వాభ్యాసస్మృతి లేనిదే పొసగవు గనుక ఆత్మ నిత్యమని సాధించెను. తామరపువ్వు విచ్చుకొని ముడుచుకొనదా, అది ఏ జన్మమును తలచుకొని? అని పూర్వపక్షి అడిగెను. ఆ వికారములకు ఎండయు, చలియు, వానయు కారణములని సమాధానము. తొలినాడే స్తన్యమును వెదకు శిశువును గౌతముడు మరల సాక్షిగా నిలువబెట్టగా, ఇనుము అయస్కాంతమును వెదకుటలేదా? యని పూర్వపక్షి మరల లేచెను.

పండ్లు కొరుకుట ఈ వాదములో ఎవరి పక్షమున సాక్ష్యము చెప్పును? స్తన్యాభిలాష పుట్టిననాడే వచ్చును. ఇది అట్లు కాదు. ఆరేడు నెలలకు సాధారణముగా క్రింది పండ్లు మొలచి, పిమ్మట పై పండ్లు దిగి, ఒండొంటిని తాకిన పిదపనే మొదలగును. (పై పండ్లు ముందుగా వచ్చినచో మేనమామకు గండమని మనవారందురు, పాపము, ఏ మేనమామయు కోరి తెచ్చుకొన్నది కాదది.) సహకారికారణము దొరకువఱకు సంస్కారము నిద్రించియుండెనని నైయాయికుడు సమాధానము చెప్పగలడు, కాదనను. అయినను భయమునకు ఒక వస్తువుండును, హర్షమునకు ఒక వస్తువుండును. ఈ కొరుకుటకు ఎదుట నెవ్వరును లేరు. ఈ యొక్క విషయమున నేను పూర్వపక్షి ప్రక్కన కూర్చుందును.

నాకు తృప్తినిచ్చిన మాట ప్రశస్తపాదునియొద్ద దొరకినది. ఆ వైశేషికాచార్యుడు ప్రయత్నమును రెండుగా విభజించెను: ఇచ్ఛాద్వేషములవలన కలుగునది యొకటి, కేవలము జీవించియుండుటవలన కలుగునది యొకటి. నిద్రించువానియందు ఉచ్ఛ్వాసనిశ్వాసములను నడపునది రెండవది. అనగా కోరిక లేక, పగ లేక, ఆత్మ చేయు పని యొకటి కలదని తార్కికులే యొప్పుకొనిరి. నేటి నిద్రాపరిశోధకులు తలకు తీగలు తగిలించి చూచినదియు దీనికి దూరము కాదు: నిద్ర లోతు తగ్గి క్షణకాలము మెలకువ అంచునకు వచ్చునపుడు, మొదట మెదడు తరంగములును గుండె కొట్టుకొనుటయు వేగము పుంజుకొని, ఆ వెనుక దవడ కదలునట. పురుగుల విషయమా, వానికిని దీనికిని ముడి నిలకడగా తేలలేదు. 2015 నుండి ఫిబ్రవరి 10వ తేదీన నులిపురుగుల మాత్రలు పంచుచున్నారు. ఈ పిల్లవానికిని అంగన్‌వాడీలో అర మాత్ర వేయించిరి. మాత్ర మంచిదే, చప్పుడు మాత్రము మానలేదని తల్లి చెప్పినది. వయసు పెరిగినకొలది చాలమంది పిల్లలకు దానంతటదే మానును.

ఇక పాపపుణ్యముల లెక్క యేమి? పసితనమున పురుగును పుల్లతో పొడిచినందుకు కొఱతపాలైన మాండవ్యుడు, ధర్మదేవతనే శపించి విదురునిగా పుట్టించి, పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని కట్టడి చేసెను. తెలిసి చేసినదానికే యింత మినహాయింపున్నపుడు, నిద్రలో కదలిన దవడను ఏ గణకుడు వ్రాసికొనును?

అయినను ఆ నాయనమ్మ పొరపడినదని నేననజాలను. కాశ్యపసంహితలో వేదనాధ్యాయమని యొక అధ్యాయము కలదు. నోరులేని శిశువునకు ఎక్కడ నొచ్చుచున్నదో వాని చేష్టలనుబట్టి కనిపెట్టుట దానియందలి విషయము. నేపాళమున శిథిలప్రతిగా దొరకి 1938లో అచ్చయిన యా గ్రంథమును ఆమె యెఱుగదు. చేయవలసినది మాత్రము చేయుచుండెను. చప్పుడు హెచ్చినపుడెల్ల అరచేయి వాని చెక్కిలిపై ఆనించెడిది, దవడ ఆగెడిది, చేయి తీయగానే మరల మొదలయ్యెడిది. తెల్లవారువఱకు ఆ యిరువురు ఇట్లే సాగిరి.

అథర్వవేదము ఆఱవకాండలో, అప్పుడే మొలచిన రెండు పండ్లను పులులుగా భావించి, తలిదండ్రులను తినవలదని, వరియు యవలును మినుములును నువ్వులును తినుమని బతిమాలు సూక్తమొకటి కలదు. జొన్న పేరు అందులో లేదు. తెల్లవారి పిల్లవాడు తల్లి యొడిలో కూర్చుండి, పాలలో నానిన జొన్నరొట్టె రెండు ముద్దలు మింగి, మూడవదానితోబాటు ఆమె వ్రేలును కొరికెను. “అవ్వో!” అని ఆమె చేయి విదిలించుకొన్నది, వాడు పకపక నవ్వెను.