ఇంకో ప్రతి ఉందా?

ఏ ఊళ్లోనైనా బస్టాండు పక్కనున్న సెల్‌ఫోన్ రిపేరు షాపు దగ్గర సాయంత్రం ఓ అరగంట నిలబడితే ఇలాంటి దృశ్యం కంటబడుతుంది. అరవై దాటిన ఒకాయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి కౌంటరు మీద జాగ్రత్తగా పెడతాడు. రాత్రి అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కి పడుకున్నాడు. తెల్లారి చూస్తే కంపెనీ బొమ్మ వస్తోంది, ఆరిపోతోంది, మళ్లీ వస్తోంది. షాపు కుర్రాడు రెండు బటన్లు కలిపి నొక్కుతాడు, కేబుల్ పెట్టి చూస్తాడు, తల గోక్కుంటాడు.

"ఫార్మాట్ కొట్టాలి సార్. బ్యాకప్ ఉందా?"

"అంటే ఏంటి బాబూ?"

"ఫొటోలూ అవీ ఇంకెక్కడైనా ఉన్నాయా అని."

ఆయన కాసేపు మాట్లాడడు. "మా ఆవిడ గొంతు ఉంది బాబూ అందులో," అంటాడు చివరికి. పోయిన మనిషి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ అది. వచ్చేటప్పుడు చింతపండు తీసుకురమ్మని చెప్పిన పదకొండు సెకన్ల మాట. ఆ గొంతు ఈ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

కుర్రాడు తన పని కోసం అడిగాడు గానీ, ఆ ప్రశ్న చాలా పాతది. ఒకే ఒక్క ప్రతిగా ఉన్నది నిజంగా ఉన్నట్టేనా? పోయే స్వభావమున్న దానికి మరో ప్రతి తీసి దాచుకోవడం మోహమా, ధర్మమా? మన ఇళ్లలో దీనికి జవాబు ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది: "పోతే పోనీ, పోయేటప్పుడు మనతో ఏం తీసుకెళతాం?" వినడానికి అది వైరాగ్యంలాగే ఉంటుంది. కానీ విలువ తెలిసి, చేతులారా వదిలిపెట్టేదే త్యాగం. ఏమరుపాటున పోగొట్టుకుని తర్వాత దానికి వైరాగ్యమని పేరు పెట్టుకుంటే ఆ మాటకే అన్యాయం జరుగుతుంది.

ఈ తేడాను జైనులు ఆచరణలో చూపించారు. అపరిగ్రహం, అంటే దేన్నీ తనదిగా ఉంచుకోకపోవడం, జైన మునికి మహావ్రతం. అయినా దేశంలోకెల్లా పాత తాళపత్ర గ్రంథాలను కాపాడినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆ సంప్రదాయాన్నే. గుజరాత్‌లోని పాటన్, రాజస్థాన్‌లోని జైసల్మేర్ జ్ఞాన భండారాల్లో 11, 12 శతాబ్దాల నాటి తాటాకు ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. గృహస్థులు డబ్బిచ్చి శాస్త్రాలకు ప్రతులు రాయించడం అక్కడ దానాల్లో ఒకటి. ఏటా కార్తీక శుద్ధ పంచమి నాడు, జ్ఞానపంచమి పేరుతో, పుస్తకాలను బయటికి తీసి, దుమ్ము దులిపి పూజిస్తారు. ఒంటి మీద బట్ట కూడా తనదని అనుకోని మనిషి పుస్తకానికి మాత్రం రెండో ప్రతి ఉండాలన్నాడు. ఆ పుస్తకం అతనిది కాదు, అతని తర్వాత వచ్చేవాళ్లది. అతను దానికి కాపలాదారు, అంతే.

ఒక్క ప్రతి మీద ఆధారపడితే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పనక్కర్లేదు. పోతన భాగవతం ఉంది. ఆ గ్రంథం భూమిలో పాతిపెట్టారని, తీసేసరికి కొన్ని భాగాలు శిథిలమయ్యాయని పరంపరగా చెప్పుకునే కథ ఉంది. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, ఈరోజు చేతిలో ఉన్న తెలుగు భాగవతంలో అయిదో స్కంధం గంగన రాసినది, ఆరోది ఏర్చూరి సింగన రాసినది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాసినవి. వాళ్లు పూరించి మేలు చేశారు. కానీ ఆ నాలుగు స్కంధాల్లో పోతన ఏ మాట వాడి ఉండేవాడో మాత్రం ఎవరికీ తెలియదు.

అన్నమయ్య కథ ఇంకా లోతైనది. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని సంప్రదాయం. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగి రేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచారు. తాటాకును పురుగు తింటుంది, రాగిని తినదు. ఇంతకంటే గట్టి బ్యాకప్ ఆ రోజుల్లో ఎవరు చేయగలిగేవారు? అయితే ఆ అర వందల ఏళ్ల పాటు మరుగున పడిపోయింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో రేకులు మళ్లీ పండితుల చేతికి వచ్చేసరికి మిగిలినవి 14 వేలకు అటూ ఇటూ. అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. పాడే నోళ్లు మధ్యలో ఆగిపోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిలో ఎన్నింటికో కొత్తగా స్వరాలు కట్టారు కాబట్టి ఇవాళ వింటున్నాం. అవి గొప్ప బాణీలే. అయినా అన్నమయ్య తంబుర పట్టుకుని పాడిన బాణీలు అవి కావు.

రాగి రేకు చెప్పే సంగతి ఇది: వస్తువు మిగలగానే సరిపోదు. దాన్ని తెరిచే తాళంచెవి కూడా మిగలాలి, మధ్యమధ్య తెరిచి చూసే మనిషీ ఉండాలి. వాట్సాప్ 2021లో తన బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ తెచ్చినప్పుడు సంకేతపదమో, 64 అంకెల తాళమో ఎంచుకోమంది. ఆ తాళం పోగొట్టుకుంటే బ్యాకప్ మొత్తం భద్రంగా ఉన్నా, దాన్ని తెరిచే దారి కంపెనీ దగ్గర కూడా ఉండదు.

తెరిచి చూడడం అన్న పనిని ఒక సాధనగా మార్చినవాళ్లు వేదపండితులు. తెలుగులో ఏ విద్యలోనైనా ఆరితేరినవాణ్ని "ఘనాపాటి" అంటాం. ఆ మాట ఘనపాఠం నుంచి వచ్చింది. మంత్రంలో వరసగా మూడు పదాలున్నాయనుకుందాం. ఘనపాఠి వాటిని ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని పలుకుతాడు. తర్వాత ఒక్క పదం ముందుకు జరిగి, రెండో పదం నుంచి మళ్లీ ఇదే వరస. వెనక్కి తిప్పి పలికేటప్పుడు వాక్యానికి అర్థం ఉండదు. సంధి మారుతుంది, స్వరం మారుతుంది. అర్థాన్ని పట్టుకుని ఊహించి పూరించే అవకాశం నాలుకకు దొరకదు. ఒక్క అక్షరం జారినా అక్కడికక్కడే బయటపడుతుంది. కంప్యూటరు ఫైలును కాపీ చేశాక రెండు ప్రతుల లెక్క సరిపోయిందో లేదో చూసుకునే పద్ధతి ఉంది కదా, అదే పనిని వీళ్లు కాగితం, సిరా లేకుండా గొంతుతో చేశారు. పైగా ఒకే గొంతును నమ్ముకోలేదు. కోనసీమ అగ్రహారంలో ఒక పాఠి, కేరళలో మరొకరు, కాశీలో ఇంకొకరు. ఒక ఊరు వరదలో మునిగినా వేదం మునగదు. 2003లో యునెస్కో ఈ పఠన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది.

ఇప్పుడు మళ్లీ ఫోన్ దగ్గరికి వద్దాం. మామూలుగా అప్‌డేట్ మన ఫొటోలను, మెసేజ్‌లను ముట్టుకోదు. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదనే నమ్మకంతోనే అందరూ నొక్కుతారు. కానీ 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను చెరిపేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేయాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, ఒకే ఫోన్‌లో ఒకరికి మించి యూజర్లను పెట్టుకున్న కొన్ని పిక్సెల్ ఫోన్లలో సొంతదారుకే తన ఫొటోలు అందకుండా పోయాయి. గూగుల్ ఆ లోపాన్ని ఒప్పుకుని, తర్వాత సరిచేసింది. అప్పటికే ఫోన్‌ను రీసెట్ చేసినవారికి ఆ సవరణ ఏం ఉపయోగం?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో సిస్టమ్‌కు రెండు గదులు ఉంటున్నాయి. కొత్త వెర్షన్‌ను పక్క గదిలో దించుతారు. అది సరిగ్గా లేచి నిలబడితేనే అందులోకి మారతారు, లేకపోతే పాత గదికే తిరిగి వస్తారు. ఆదిశంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించినప్పుడు శిష్యులు గుహలో గురువుగారి అసలు శరీరానికి కాపలా కాశారని శంకరవిజయ కథలు చెబుతాయి. తిరిగి రావడానికి చోటుండాలి కదా. ఫోన్ తయారుచేసినవాళ్లకు ఈ జాగ్రత్త బాగా తెలుసు. కానీ ఆ రెండో గది సిస్టమ్‌కే. మన ఫొటోలు, మెసేజ్‌లు, గొంతులు ఉండే గది ఒక్కటే. దానికి కాపలా కాసే శిష్యుణ్ని మనమే పెట్టుకోవాలి.

చాలామంది పెట్టుకున్నామనే అనుకుంటారు. "అంతా గూగుల్‌లో ఉంటుందిలెండి" అన్న మాట ఇంటింటా వినబడుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ అన్నీ ఇమడాలి. ఫొటోలకు అపరిమితంగా చోటిచ్చే వసతి 2021 జూన్ 1తో ముగిసింది. ఐఫోన్ వాళ్లకు ఆపిల్ ఇచ్చేది 5 జీబీ. అది నిండిందంటే ఆ రోజు నుంచి తీసిన ఫొటో ఫోన్‌లో తప్ప ఎక్కడా ఉండదు. మనవరాలి అన్నప్రాసన ఫొటోలు ఉన్నాయనుకుంటాం, అక్కడ ఆగిపోయినది పోయినేడాది సంక్రాంతి దగ్గర.

ఇంకో పొరపాటు దీనికంటే ప్రమాదకరం. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అద్దం లాంటిది. ఇక్కడ ఏది చేస్తే అక్కడా అదే కనబడుతుంది. గూగుల్ ఫొటోస్‌లో చోటు కోసం ఒక ఫొటో డిలీట్ చేస్తే అది ఫోన్‌లోంచీ పోతుంది, అకౌంట్‌లోంచీ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, ఆ తర్వాత ఉండదు. అద్దంలో రెండు దీపాలు కనబడుతున్నాయని ఒకటి ఆర్పేస్తే గదంతా చీకటే.

దీపం అనగానే మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథం గుర్తొస్తుంది. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటి దీపం రెండోదానిలోకి వెళ్లిందంటావా అని నాగసేనుడు గ్రీకు రాజు మిలిందుణ్ని అడుగుతాడు. లేదంటాడు రాజు. ఏదీ అటు నుంచి ఇటు రాకుండానే కొనసాగింపు ఉండవచ్చని భిక్షువు తేల్చుతాడు. కొత్త ఫోన్‌లో వినబడే ఆ పదకొండు సెకన్ల గొంతు అసలైనదా, నకలా అన్న సందేహానికి ఈ జవాబు చాలు. పాత ఫోన్‌లోదీ అసలు గొంతు కాదు, అంకెల వరస. ఆ వరస చెక్కుచెదరకుండా కొత్త చోట వెలిగితే ఆమె చింతపండు తెమ్మనే అంటుంది. అయితే ఒక షరతుంది. మొదటి దీపం వెలుగుతుండగానే రెండోది అంటించాలి.

మనిషి మూడు రుణాలతో పుడతాడని వేదం చెబుతుంది. దేవరుణం, పితృరుణం, ఋషిరుణం. ఋషిరుణం తీరేది చదువుకోవడంతో, అంటే అందినదాన్ని చెడకుండా ముందుకు అందించడంతో. ఈ కాలపు గృహస్థు చేతిలో తాటాకు లేదు, గంటం లేదు. తాతగారి దస్తూరీ ఫొటో ఉంది, అమ్మ పాడిన మంగళహారతి రికార్డింగ్ ఉంది. అవి అతని దగ్గరున్నాయి గానీ అతనివి కావు. పుట్టబోయే మనవడికీ వాటిలో వాటా ఉంది.

కాబట్టి అప్‌డేట్ అడిగినప్పుడు ఒక పూట ఆగండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ చివరిసారి ఏ తేదీన జరిగిందో చూడండి. ఫోన్ నంబర్లు సిమ్‌లో ఉన్నాయా, అకౌంట్‌లో ఉన్నాయా చూడండి. ఫొటోలను కేబుల్‌తో కంప్యూటరులోకో, హార్డ్ డిస్క్‌లోకో దింపి, దాన్ని అన్నయ్యగారింట్లోనో అమ్మాయిగారింట్లోనో ఉంచండి. ఐఫోన్‌ను కంప్యూటరులోకి బ్యాకప్ చేసేవాళ్లు ఎన్‌క్రిప్ట్ అన్న గడిలో టిక్ పెట్టాలి, లేకపోతే దాచిన పాస్‌వర్డ్‌లూ ఆరోగ్య వివరాలూ అందులోకి రావు. అప్పుడు పెట్టుకున్న సంకేతపదాన్ని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. చివరగా, దింపిన వాటిలోంచి ఒక ఫొటో, ఒక వాయిస్ మెసేజ్ తెరిచి చూడండి, వినండి. ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పని. అప్‌డేట్ బటన్ సోమవారం కూడా అక్కడే ఉంటుంది.